మరువ మీద ఇసక మూట

నా రిటైర్మెంటు సభకు పెద్దదిక్కుగా కూర్చున్న తహశీల్దారు ప్రసూన మేడమ్ గారికి, కుందుర్పి మండలం రైతు పెద్దలకు, ఎండనక నాతోపాటు కొలత గొలుసు లాగిన చైన్‌మన్ వీరేష్‌కు, ముందుకొచ్చి కూర్చోమన్నా వినక వాకిలి కాడే నిలబడిన సిద్దమ్మక్కకు ఆదెప్ప నమస్కారాలు.

ముప్పైనాలుగేండ్లు సర్వేయరుగా చేసినాను. నేను కొలిచిన ప్రతిసారీ చేను పంచుకునే అన్నదమ్ములిద్దరికీ కోపమొచ్చేది, కాబట్టి సరిగ్గానే కొలిచినాననుకుంటా. (నవ్వులు)

ఒక్కసారి మాత్రం తప్పు కొలిచినా. ఇరవై ఏండ్లుగా లోపల శెనక్కాయ పండడమే తప్ప నీళ్లెరగని సిద్దమ్మక్క వాళ్లూరి చెరువు మూడేండ్ల కిందట నిండింది. ఎక్కువైన నీళ్లు బయటికి పోయే మరువ మీంచి అన్నేసి నీళ్లు పొర్లి పోతాంటే మనవాళ్లకు ప్రాణం ఒప్పుతుందా? ఇసక మూటలు తెచ్చి మరువ మీద పేర్చినారు. చెరువు నిండిందని గంగపూజకు పోయిన నేనూ ఒక మూట మోసినా. వీరేషూ, నవ్వద్దు, నువ్వు మోసింది రెండు. (నవ్వులు)

పది దినాలకు చెరువు హద్దులు తేల్చమని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. మరువ మట్టానికి నీళ్లు ఎంతదాకా నిలిస్తే అంతదాకా సర్కారుది, ఆ పైన పట్టాదారుది. మూటలతో నీళ్లు మరువ కంటే పైకెక్కిన సంగతి మరిచి, నేను నీళ్ల అంచునే రాళ్లు పాతించినా. సిద్దమ్మక్క చేను రెండెకరాలూ సర్కారు చెరువు లెక్కలోకి పోయింది. ఆమెకు ఉండేదే అది.

ఆమె అరవలేదు. రాయి పక్కన కూర్చొని నెమ్మదిగా చెప్పింది.

"నీళ్లు నా చేనికి సుట్టపుసూపుగా వచ్చినాయి సారూ. సుట్టాలొచ్చి కూసుంటే ఇల్లు వాళ్లదైపోతాదా? పోయి ఆ మరువ సూడు."

పోయి చూస్తే, మా ఇంటి బియ్యం సంచి, నేను మోసిందే, అన్నిటికంటే పైన ఉండాది. అంత సిగ్గు నేనెప్పుడూ పడలేదు. మూటల కింద అసలు మరువ మట్టం పట్టి మళ్లీ కొలిచి, నా రిపోర్టు తప్పని, చేను అక్కదేనని నేనే ఇంకో రిపోర్టు రాసినా. సంజాయిషీ అడుగుతా మెమో వచ్చింది. నా సర్వీసులో దాచుకున్న కాగితం అదొక్కటే.

ఈ ఏడు చెరువు మళ్లీ నిండింది. మనవాళ్లు మళ్లీ మూటలు పేర్చినారు, అక్క చేను మళ్లీ మునిగింది. మూటలు తీయించమంటావా అని మొన్న అడిగితే, నీళ్లకేసి చూస్తా ఆమె అనింది:

"ఉండనీ సారూ. చేను నాదని తేలింది గదా, ఇంగ ఎన్ని దినాలైనా ఉండనీ."

నా కొలత నమ్మినోళ్లకూ, నమ్మక మొగం మీదే చెప్పినోళ్లకూ దండాలు. సంతోషంగా పోతాండా. సెలవు.