తిరగని కాఫీ గ్రైండర్

అక్షరాలు ఆలస్యంగా నేర్చుకున్నాను, రాత నిదానం. తప్పులుంటే మన్నించండి.

మెదక్ దవాఖానలో విరిగిన కుడి మణికట్టు కట్టు విప్పించుకొచ్చిన మరునాడు, వజ్రమ్మ కోడలు తెచ్చిన చేతి కాఫీ గ్రైండర్‌లో గింజలు పోసి తిప్పబోయింది. పిడి కదలలేదు.

"ఇగ నా చెయ్యి పోయినట్టేనే, భాగ్యా."

"గట్లనకు అత్తమ్మా. తేలిగ్గ తిరగాలెనని పొడుగు పిడి ఉన్నదే ఏరి తెచ్చిన. ఇటియ్యి... అరే, నాకూ తిరుగుతలేదు!"

"నీకు గూడనా? అమ్మయ్య!"

"నవ్వుతున్నవేంది? కింది స్క్రూ ఎవరు బిగిచ్చిండ్రు?"

"నేనే. పొడి మెత్తగ రావాలెనని జర గట్టిగ బిగిచ్చిన."

"ఏ చేత్తోని?"

వజ్రమ్మ తన కుడిచేతిని చూసుకుంది.

"గీ చేత్తోనే!"

"నాకే వదులైతలేదు అత్తమ్మా. నువ్వే ఇప్పు."

— బాలవ్వ, అరవై తొమ్మిదేళ్లు, ఇప్పుడు ఉండేది మెదక్‌లో.