గోవిందస్వామికి మొలిచిన నలభై ఎముకలు

వడమాలపేట బస్టాపు పక్కనే మునెమ్మ టీ అంగడి. బస్సు కోసం వచ్చినవాళ్లు అక్కడ కాసేపు కూర్చుంటారు. ఏ బస్సూ అక్కరలేనివాళ్లు ఇంకా ఎక్కువసేపు కూర్చుంటారు. ఈ రెండో రకానికి పెద్ద గోవిందస్వామి. మామిడికాయల కాలం రెండు నెలలూ మండీలో వేలం కేకలు వేస్తాడు, తక్కిన పది నెలలూ అవే కేకలు ఈ బల్ల మీద కూర్చుని వేస్తాడు. ఆయన నోట పడితే చింతకాయ గుమ్మడికాయై బయటికి వస్తుందని ఊళ్లో అందరికీ తెలుసు. తెలిసీ వింటారు. టీ ఆరేదాకా ఏదో ఒకటి వినాలి గదా.

ఈ ఏడు అంగడి గోడకు ఒక నల్లబల్ల కూడా ఎక్కింది. ఫోన్లలో జనం ఆడే జట్ల ఆటను సెల్‌ఫోన్లు బాగుచేసే సుకుమార్ సుద్దముక్కతో దాని మీదికి దించాడు. మండలంలో ప్రతి ఆదివారం క్రికెట్ పోటీలు జరుగుతాయి. అన్ని ఊళ్ల ఆటగాళ్లకూ సుకుమార్ తలా ఒక విలువ కడతాడు. ఆట ఆడదలచినవాళ్లు మొత్తం విలువ వందకు మించకుండా పదకొండు మందిని ఏరుకుని పేర్లు రాయించుకుంటారు. మైదానంలో ఆ పదకొండు మంది ఎంత బాగా ఆడితే ఇక్కడ ఏరుకున్నవాడికి అన్ని పాయింట్లు. కెప్టెన్ అని పెట్టుకున్నవాడి పాయింట్లు రెండింతలు. రూపాయి పందెం లేదు, పందెమంతా పరువే. అందరికంటే అడుగున మిగిలినవాడు వచ్చే ఏడు పోటీలన్నిటిలో అంపైరుకు గొడుగు పట్టాలి.

గోవిందస్వామి ఏరుకున్న కెప్టెన్ ఇమ్మానుయేల్.

ఇమ్మానుయేల్‌కు ఇరవై రెండేళ్లు. వారమంతా ఇళ్లకు టైల్స్ పరుస్తాడు, ఆదివారం ఊరి జట్టుకు ఫాస్ట్ బౌలింగ్ వేస్తాడు. మొదట్లో నల్లబల్ల మీద అతని విలువ పన్నెండు. మండలంలో అంతకు మించినవాడు లేడు. రెండో వారం భుజం పట్టేసింది, పన్నెండు కాస్తా తొమ్మిదయింది. భుజం బాగై వచ్చిన ఆదివారమే మడమ మెలికపడింది, ఆరయింది. మడమ సర్దుకుని వచ్చి క్యాచ్ కోసం దూకి కుడిచేతి మీద పడ్డాడు. ముంజేతి ఎముక చిట్లింది. సుకుమార్ ఆరు తుడిచి ఒకటి వేశాడు. నీళ్ల క్యాన్లు మోసే పన్నెండో ఆటగాడికి కూడా రెండు ఉంది. టీకి వచ్చినప్పుడల్లా ఆ ఒకటి ఇమ్మానుయేల్ కళ్లలో పడుతుంది. తాను సంతలో నోరు తెరిపించి పండ్లు లెక్కపెట్టి వదిలేసిన ముసలి ఎద్దులాగా అనిపిస్తుంది.

తక్కినవాళ్లంతా అతని పేరు ఎప్పుడో మార్పించుకున్నారు. మనిషికి మూడే మార్పులు. గోవిందస్వామి తన మూడు మార్పులనూ మొదటి మూడు వారాల్లోనే, ఎవరూ అడక్కుండానే, తెలివి చూపించడానికి వాడేసుకున్నాడు. అందుకని విరిగిన చేతితో సహా ఇమ్మానుయేల్ ఆయనకే మిగిలాడు. వచ్చే ఆదివారం ఫైనల్. ఊరి జట్టు అందులో ఉంది. ఇమ్మానుయేల్ బంతి పట్టుకుంటేనే గోవిందస్వామి గొడుగు పట్టకుండా బయటపడతాడు.

ఆ బుధవారం పొద్దున ఇమ్మానుయేల్ పుత్తూరు బస్సు కోసం వచ్చి కూర్చున్నాడు. పుత్తూరు కట్టు పడి ఎనిమిది దినాలు. ఆకు పసరు, వెదురు బద్దలు, పైన గుడ్డ. ఇట్లాంటివి మూడు కట్లు పడితే గాని ఎముక పనికి రాదని కట్టు కట్టినాయన చెప్పి పంపాడు. ఈ పొద్దు రెండోది. పగలు పన్నెండు గంటల లోపల పోకపోతే మళ్లీ వారమే. కట్లు సక్రమంగా పడితే వచ్చే నెలాఖరుకు చిత్తూరులో జిల్లా జట్టు ఎంపికకు పోవచ్చు. పడకపోతే బంతి మాట దేవుడెరుగు, టైలు కూడా ఎత్తలేడు.

అయితే మొదటి కట్టుకే నొప్పి పోతుంది. చుట్టుపక్కల ఊళ్లవాళ్లు మోసపోయేది అక్కడే. నొప్పి పోయింది గదా, ఎముక అతికినట్టేనని విప్పి పారేస్తారు. ఆర్నెల్లు తిరిగేసరికి ఆ చెయ్యి చెంబు పట్టదు. ఇమ్మానుయేల్‌కు కూడా రెండు దినాలుగా నొప్పి లేదు. ఆ మాట టీ తాగుతూ నోరు జారాడు. గోవిందస్వామి చెవులు నిక్కాయి.

"నాకూ ఇట్నే అయింది అబ్బోడా," అని మొదలుపెట్టాడు.

తన ఇరవై రెండో ఏట, పుత్తూరు మైదానంలో, ఇదే కుడిచెయ్యి, ఇదే ఎముక అట. ఒక్క కట్టు కట్టించుకుని, ఎనిమిదో దినం విప్పేసి, ఆదివారం ఆడి నాలుగు వికెట్లు తీశాడట. ఇంతవరకు పెద్ద అబద్ధమేమీ కాదు. అట్లాంటి మొండివాళ్లు ఊరికొకరు ఉంటారు. ఇమ్మానుయేల్ గ్లాసు కింద పెట్టి విన్నాడు. అంతలో పుత్తూరు బస్సు వచ్చి ఆగింది. అతను లేవబోయాడు.

"కూర్సోప్పా, బస్సులు వస్తానే ఉంటాయి. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

బస్సు వెళ్లిపోయింది.

"ఎనిమిదో దినం అన్నా గదా, నువ్వు బెదురుకుంటావని తగ్గించి చెప్పినా. ఇప్పింది మూడో దినం. ఎముక ఇరిగింది కూడా ఒక సోట కాదు, పద్నాలుగు సోట్ల. చెయ్యి ఎత్తితే గాజుల మలారం మాదిరి గలగలమంటా ఉండె. ఆ చేత్తోనే ఏసినా బాలు. మధ్య వికెట్టు లేసిపోయింది సూడు, వారం దినాలు ఎవురికీ దొరకలా. కడాకు నగరిలో ఒకాయన దాన్ని నేలలో నాటి ఎనుమును కట్టేసుకోని ఉండాడు."

నువ్వు తాగే టీలో ఉండేది ఆ ఎనుము పాలే అప్పా అని మునెమ్మ పొయ్యి దగ్గర నుంచే అంది. గోవిందస్వామి అది మెచ్చుకోలుగా తీసుకున్నాడు.

తరువాత కథ విలువల మీదికి మళ్లింది. ఆ కాలంలో కూడా ఈ జట్ల ఆట ఉండేదట. అప్పుడు ఫోన్లే లేవు గదన్నా అని సుకుమార్ అడిగితే, ఫోన్లు లేకపోతే గోడలు లేవా అన్నాడు. తిరుచానూరులో ఒక లాడ్జి గోడ పొడుగునా తన విలువ రాశారట. చెయ్యి విరగక ముందు పది. విరిగినాక ఇరవై. విరిగిన చేత్తోనే ఇట్లా వేస్తున్నాడే అని జనం ఎగబడి యాభై చేశారు. ఎడమచెయ్యి కూడా విరిగింది, నూరయింది. రెండు కాళ్లూ విరిగాయి, రెండు నూర్లు.

"జట్టుకంతా కలిపి వందే గదన్నా. రెండు నూర్ల వాణ్ణి ఎట్ల ఏరుకుంటారు?" అన్నాడు సుకుమార్.

"అదే గదప్పా తమాషా. నన్ను ఏరుకుంటే ఇంగ ఎవురినీ ఏరుకునేదానికి లేదు. తక్కిన పదిమందినీ తీసేసినారు. మైదానంలో కూడా తీసేసినారు. నేనొకణ్ణే పదకొండు మంది. ఈ కొసన బాలు ఏసి, ఆ కొసకు పరిగెత్తి కీపింగు చేసి, బౌండరీ కాడ నిలబడి నాకు నేనే ఇసిరిచ్చుకుంటి."

కాళ్లు రెండూ విరిగి ఉండాయంటివే అని ఎవరో గొణిగారు. వెదురు బద్దల మీద పరిగెత్తినా, మామూలు కాళ్ల కంటే అవే వేగం అని జవాబు వచ్చింది. ఈ మాట నడుస్తుండగానే రెండో బస్సు వచ్చింది. కండక్టరు పుత్తూరు, పుత్తూరు అని పిలిచాడు. ఇమ్మానుయేల్ నల్లబల్ల మీది ఒకటి వైపు చూస్తూ ఉండిపోయాడు. ఆ బస్సూ పోయింది. గోడ గడియారంలో పదకొండు దాటింది.

గోవిందస్వామికి ఇప్పుడు ఊపు వచ్చింది. అవతలి జట్టువాడు ఒక బంతిని పైకి కొట్టాడట. ఎంత పైకంటే, శ్రీహరికోటలో రాకెట్టు వదిలేవాళ్లు పది, తొమ్మిది, ఎనిమిది అని లెక్కబెడుతూ ఏడు దగ్గర ఆగిపోయారు. పైన ఏదో తిరుగుతా ఉండాది, అది దిగేదాకా మేము వదిలేది లేదని పుత్తూరుకు ఫోను చేశారు. ఫోన్లు లేవంటివే అన్నాడు సుకుమార్. అది గోడకు తగిలించే ఫోను అన్నాడు గోవిందస్వామి, ఊపిరి కూడా తీసుకోకుండా. బంతి మూడు దినాలు దిగలేదు. ఆ మూడు దినాలూ కొట్టినవాడు పరుగులు తీస్తూనే ఉన్నాడు. బూట్లు అరిగిపోయి, మేజోళ్లు అరిగిపోయి, నాలుగు వేల పరుగులయ్యాయి. మూడో దినం సాయంత్రం బంతి తిరుచానూరులో ఒక పూలామె గంప మీదికి దిగబోతుంటే, ఈయన పుత్తూరు నుంచి వెదురు బద్దల మీద పరుగున పోయి, మల్లెపూవు ఒకటి కూడా నలగకుండా, విరిగిన చేత్తో పట్టాడు. నాలుగు వేల పరుగులవాడు అవుట్.

"అప్పుడు కట్టు కట్టే ఆయన నన్ను పండబెట్టి ఎముకలు ఎంచినాడు. ఎంతుండాయో తెలుసా? ఉండాల్సిన దానికంటే నలభై ఎక్కువ. మునగకొమ్మ నరికితే నరికిన సోట రెండు సిగుర్లు రావా? అట్ల, ఇరిగిన సోటల్లా రెండు మొలిసినాయి. అందుకని చెప్తాండా అబ్బోడా, మనిషికి ఇలువ ఇరిగితేనే. నొప్పి లేదంటివి. ఇంగ ఆ గుడ్డ ఎందుకు? ఆదివారం ఆ సేత్తో నువ్వు ఒక్క ఓవరు ఏసి సూడు, సుకుమారు ఒకటి తుడిసి ఇరవై రాస్తాడా లేదా?"

చిత్రమేమంటే, శ్రీహరికోటను నమ్మనివాడు కూడా ఆఖరి మాటను నమ్ముతాడు. అబద్ధాల బండికి వెనక కట్టిన చిన్న మాట అది. బండి చూసి నవ్వుతాం, ఆ మాట మటుకు ఇంట్లోకి తెచ్చుకుంటాం. ఇమ్మానుయేల్‌కు బంతి దిగిన కథ చెవికెక్కలేదు. ఒకటి తుడిచి ఇరవై రాయడం ఒక్కటే ఎక్కింది. పాల ప్యాకెట్లు కత్తిరించే కత్తెర బల్ల మీద ఉంది. ఎడమచేత్తో తీసుకున్నాడు. వద్దు నాయనా అంది మునెమ్మ. అతను వినలేదు. కత్తెర మొన కట్టు గుడ్డ కిందికి దూర్చాడు.

"రవ్వంత ఆగు నాయనా," అన్నాడు ఓబయ్య.

ఓబయ్యకు డెబ్బై దాటాయి. వయసులో ఉన్నప్పుడు ఇరవై ఏళ్లు పుత్తూరులో కట్లకు ఆకు నూరినవాడు. అంతసేపూ మూల బెంచీ మీద ఊ కొట్టడం తప్ప నోరు విప్పలేదు. ఇప్పుడు లేచి వచ్చి గోవిందస్వామి పక్కన కూర్చున్నాడు.

"ఈయన చెప్పిందంతా నిజమే. ఆ దినం నేను ఆడనే ఆకు నూరతా ఉన్నా."

గోవిందస్వామి జన్మలో మొదటిసారి సాక్షిని చూశాడు. ఛాతీ బెత్తెడు పొంగింది. చెప్పన్నా, నువ్వే చెప్పు వీళ్లకు, అన్నాడు.

"నలభై ఎముకలు ఎక్కువొచ్చినాయి, నా ముందరే ఎంచినారు. అయితే ఎంచినాక కట్టు కట్టే ఆయన చెప్పిన మాట నువ్వు మర్సిపోయినట్టుండావు. 'ఇవి నీవి కావు గోవిందస్వామీ, ఊరివి. నీ ఒంట్లో దాసిపెడతాండా. మీ ఊర్లో బౌలింగు ఏసే పిల్లోడికి ముంజెయ్యి ఇరిగిన దినం ఒకటి తీసియ్యాల' అన్నాడు. నువ్వు ఆకు ముట్టి సరే అంటివి. ఆ దినం ఎప్పుడొస్తాదా అని నేను కాసుకోని ఉండా. వచ్చింది. అబ్బోడా, నీ కట్టు జోలికి పోవద్దు. ఆ కత్తెర ఇట్లియ్యి."

ఇమ్మానుయేల్ చేతిలోని కత్తెర ఓబయ్య చేతికి వచ్చింది. రెండో చేత్తో ఓబయ్య గోవిందస్వామి కుడి ముంజెయ్యి పట్టుకుని బల్ల మీద ఆనించాడు. ఇరవై ఏళ్లు రోలు తిప్పిన చెయ్యి అది. బొటనవేలితో మణికట్టు నుంచి పైకి ఒత్తుకుంటూ పోయాడు. ఇది నీది, ఇది కూడా నీదే, ఇదో, ఇది ఊరిది, అని ఒక చోట ఆగి గట్టిగా ఒత్తాడు.

గోవిందస్వామి నవ్వబోయాడు, నవ్వు రాలేదు. లాక్కోబోయాడు, చెయ్యి రాలేదు. ఎవరైనా అడ్డం వస్తారేమోనని చుట్టూ చూశాడు. మునెమ్మ తడిగుడ్డతో బల్ల తుడిచి చోటు చేస్తోంది.

"వదులు ఓబయ్యన్నా."

"ఎందుకప్పా? మూడో దినానికి అతుక్కుంటాది గదా. ఆదివారానికి నీ కెప్టెన్ తయారు. నీ ఇలువ కూడా పెరుగుతాది."

"నాకు ఎక్కువ ఎముకలు ఏమీ లేవన్నా."

"మరి ఆ పద్నాలుగు సోట్ల..."

"ఒక్క సోట కూడా ఇరగలేదు సామీ. పుట్టినప్పట్నుంచి నాకు కట్టు పడిందే లేదు. ఆ పోటీలో నేను ఆడనే లేదు, గట్టు మీద కూర్సోని సూసినా. వదులు, నొస్తాండాది."

ఓబయ్య వదిలాడు. అంగడిలో వెంటనే ఎవరూ నవ్వలేదు. ఇమ్మానుయేల్ గోవిందస్వామిని చాలాసేపు చూశాడు. బొటనవేలితో రవ్వంత ఒత్తితే ఓర్చుకోలేని మనిషి ఇమ్మానుయేల్ చేతిని ఆదివారం ఆటకు ధారపోయబోయాడు. తానూ ఆ చేతిని ఇవ్వబోయాడు. అది తలుచుకునేసరికి అతనికి కోపం కంటే సిగ్గు ఎక్కువైంది. కత్తెర తగిలి రేగిన గుడ్డ అంచును ఎడమచేత్తో సర్దుకుని లేచాడు.

మూడో బస్సు హారన్ వినిపించింది. పదకొండున్నర. సుకుమార్ సుద్దముక్క పట్టుకుని, అయితే ఆదివారానికి నీకు ఎంత వెయ్యమంటావప్పా అని అడిగాడు.

"నా పేరే తుడిపెయ్యన్నా," అన్నాడు ఇమ్మానుయేల్. "మూడు కట్లూ అయినాక నేనే వచ్చి రాసుకుంటా."

ఎడమచెయ్యి ఎత్తి బస్సు ఆపి ఎక్కాడు. సుకుమార్ గుడ్డ తడిపి గోవిందస్వామి జట్టులో మొదటి పేరు తుడిచేశాడు. పదిమంది మిగిలారు. గోవిందస్వామి ఆ తడి మచ్చను చూస్తూ, తెలియకుండానే కుడి ముంజెయ్యి రుద్దుకుంటున్నాడు.

ఓబయ్య తన టీ ఆఖరు గుక్క తాగి, గ్లాసు మునెమ్మకు ఇచ్చి, ఎంతో దయగా అడిగాడు.

"ఏమప్పా, బాగా నొస్తాండాదా? పుత్తూరుకు ఇంకో బస్సు ఉండాది."

అప్పుడు నవ్వారు అందరూ.