చప్పిడిసీమలో పిడికెడు ఉప్పు

సుంకులమ్మ అని ఒకామె ఉండేదంట, చప్పిడిసీమలో. సీమకి ఆ పేరు ఊరికే రాలేదు. అక్కడ ఉప్పు తినకూడదు, అమ్మకూడదు, ఇంట్లో దాచకూడదు, ఆఖరికి ఉప్పు అని నోటితో అనకూడదు, 'ఆ తెల్లది' అనాల. ఎందుకంటే ఊరికి పైన కోనలో, ఆ కట్టడి పెట్టిన రాకాసి ఒకడు కూర్చున్నాడు. కూర్చున్నాడంటే మాటవరసకి కాదు నాయనా, ఏరు పుట్టే చోట, బానకి మూత పెట్టినట్టు కూర్చున్నాడు. సోమవారం సోమవారం ఒక్కో ఇంటోళ్లు వంతు ప్రకారం గంగాళం నిండా సంగటి, ఉలవచారు మోసుకుపోవాల. తినేదానికి వాడు లేస్తాడు చూడు, లేచినంతసేపే ఏట్లో నీళ్లు. తిని మూతి తుడుచుకొని, కూడు తెచ్చిన ఇంట్లో ఒకర్ని వేలుపెట్టి చూపిస్తాడు. ఆ మనిషి ఇంక కోనలోనే ఉండి వాడి తలలో పేలు చూస్తా పడుండాల. ఒక్కో పేను పిల్లికూనంత ఉంటాదంట. నవ్వండి నవ్వండి, మీ వంతు రాలేదు గదా.

పోయిన వంతులో సుంకులమ్మ మొగుడు ఓబన్నని చూపించినాడు. ఇంక మూడు వారాల్లో మళ్లీ వంతు. ఇంట్లో మిగిలింది తాను, నడుము వంగిన అత్త, పదహారేళ్ల కూతురు ఈరమ్మ. అత్తకి చూపు లేదు, పేలేం చూస్తాది? తాను పోతే కూడు వండి పంపేదెవరు? వాడికంత లెక్క తెలుసు. ఈరమ్మనే చూపిస్తాడు. సుంకులమ్మ ఏడవలేదు. మొగుడూ రావాల, బిడ్డా పోకూడదు, అంతే అనుకొనింది. అనుకొని అత్త దగ్గర కూర్చొని, "అత్తా, వాడికి ఉప్పంటే అంత భయమెందుకు?" అనింది. ముసలామె తడుముకొని కోడలి నోరు మూసిందంట. మూసి, చెవిలో చెప్పిందంట, రాకాసి జాతికి ఒక కట్టుందే, ఎవరి ఉప్పు తింటే వాళ్ల మీద చెయ్యెత్తలేరు, మనిషి తిని మరిచిపోతాడు గాని వాళ్లకా మరుపు లేదు, అని.

ఏమైందంటే, ఆ వారమే గాజుల సెట్టి వచ్చినాడు. "అన్నా, ఈసారి వచ్చేటప్పుడు ఆ తెల్లది పిడికెడు తెచ్చిపెట్టు, నా బిడ్డని కాపాడినోడివి అవుతావు" అని సుంకులమ్మ బతిమాలింది. మంచోడే, నాలుగైదు నాళ్లలోనే తెచ్చినాడు. మైనంలో చుట్టి, గాజుల మలారం నడిమధ్యలో పెట్టుకొని తెచ్చినాడు. కొండ కనమ దగ్గరికి వచ్చినాడో లేదో, కోనలో రాకాసి ముక్కుపుటాలు ఎగిరినాయి. "సముద్రం వాసన! సముద్రం వాసన!" అని ఒక బండ విసిరినాడు. మలారం గంగలో కలిసింది, ఉప్పు లోయలో పడింది, సెట్టి తీసిన పరుగు ఇంకా తీస్తానే ఉన్నాడనుకో. "ఇంకోసారి ఆ వాసన తగిలితే ఊరినే ముంచుతా" అని కోనంతా మోగేట్టు అరిచినాడంట.

ఊరోళ్లందరూ సుంకులమ్మని తిట్టినారు. తిట్టిచ్చుకొని ఇంటికొచ్చి, గూటానికి వేలాడే ఓబన్న తలగుడ్డ కేసి చూసింది. కోనకి పోయిన రోజు చేన్లో నుంచి వచ్చి తగిలించిందే, ఉతకలేదు. దాని మీద తెల్లగా చారలు, వాన ఇంకిన గుంటకి అంచు కట్టినట్టు. నాలుక ఆనించి చూసింది. చూసి, "అత్తా! వాడికి సముద్రం వాసన తెలుసు గాని చెమట వాసన తెలుస్తాదా? పొద్దంతా మనుషుల్ని నెత్తి మీద పెట్టుకొని ఉంటాడు గదా!" అనింది.

ఇక్కడ ఒక మాట చెప్పాల. ఎగువూరిలో చిన్నోబులేసు ఉన్నాడే, వాడు ఈ కథ చెప్పి, ఆమె కన్నీళ్లు కాచి ఉప్పు తీసింది అంటాడు. కన్నీళ్లంట! ఎన్ని కడవలు ఏడిస్తే పిడికెడు ఉప్పవుతాది? చెమట కార్చినోడికి తెలుస్తాది కథ. వాడికేం తెలుస్తాది. నా కథ నా ముందరే చెడగొట్టినాడు ముప్పై ఏళ్ల కింద, నేను మరిచిపోలేదు.

సరే. సుంకులమ్మ గడప గడపకీ పోయింది, నలభై గడపలు. "ఎనిమిది నాళ్లు ఒకటే తలగుడ్డ కట్టుకొని పని చెయ్యండి, ఉతకొద్దు, నాకియ్యండి" అనింది. "థూ, చెమట కూట్లో వేస్తావా మే?" అన్నాడొకడు. "తినేది నువ్వు కాదులే బావా" అనింది. "నీ బిడ్డ కోసం మా గుడ్డలెందుకు?" అనిందొకామె. "నా చెమటొక్కటే వేస్తే నా ఇంటికే కట్టుపడతాడు వదినా. ఆ కసి మీ ఇళ్ల మీద తీర్చుకుంటాడు. అందరిదీ పడాల" అనింది. తలుపు వేసుకున్న ఇంటి ముందర కూర్చొనింది, తీసినాక లేచింది. ఆడోళ్లు కొంగులు చించి ఇచ్చినారు, మొగోళ్లు తలగుడ్డలిచ్చినారు.

ఊరి పెత్తందారు గుర్రప్ప మాత్రం జరీ అంచు తలగుడ్డ పంపించినాడు. సుంకులమ్మ ఒక్కో గుడ్డా విడివిడిగా పిండి, రుచి చూసి బానలో పోస్తాంది. గుర్రప్ప గుడ్డ నీళ్లు బావి నీళ్ల మాదిరే ఉండాయి. ఆమె ఆ గుడ్డ పట్టుకొని పోయి, "మామా, దీంట్లో ఏమీ దిగలేదు. వంతుకింకా నాలుగు నాళ్లుంది, చేన్లోకి దిగు" అనింది. "గుడ్డ అడిగినావు, ఇచ్చినా. గుడ్డ గుడ్డే. నాకే చెప్పొచ్చినావా పోవే!" అని గసిరినాడు. "చెప్పడం నా వంతు మామా" అని వచ్చేసింది. ఆ నీళ్లూ బానలో పోసింది, మాట రాకూడదని. కాచింది, వడకట్టింది, మళ్లీ కాచింది. అడుగున పిడికెడు మిగిలింది, కొంచెం నల్లగా.

సోమవారం మధ్యాహ్నం సంగటి కెలికి, ఉలవచారులో ఆ పిడికెడూ వేసి కోనకి పోయినారు, ఊరంతా వెనకాల. గుర్రప్ప, ఇదంతా తానే చేయించినట్టు, అందరికీ ముందర. రాకాసి లేచి గంగాళం మీద వంగినాడు. ముక్కు ఎగరేసినాడు. మనుషుల వాసన, అంతే. ఒక ముద్ద మింగినాడు, ఆగినాడు. "ఏందే ఇది, ఈపొద్దు ఇంత కమ్మగుంది?" అని ఇంకొకటి, ఇంకొకటి, గంగాళం నాకి, అడుగు గోకి, అప్పుడు పసిగట్టినాడు. "ఉప్పు!" అని అరిస్తే కొండ మీద కోతులు రాలినాయంట. సుంకులమ్మ మీదికి చెయ్యెత్తినాడు, చెయ్యి దిగలేదు. ఈరమ్మ వైపు వేలు చూపబోతే, వేలు కొర్రకంకి మాదిరి వంగిపోయింది. ఇంకొకరి వైపు తిప్పినాడు, వంగింది. నలభై గడపలోళ్ల మీదికీ తిప్పినాడు. ముప్పైతొమ్మిదికి వంగింది, గుర్రప్ప దగ్గర మాత్రం తాటిచెట్టు మాదిరి నిటారుగా నిలబడింది.

ఉప్పు పెట్టిన ఇళ్లోళ్లని ఇంక పట్టి ఉంచలేడు గదా, ఓబన్నా మిగతావాళ్లూ కోన నుంచి దిగొచ్చినారు. నీళ్లు ఆపితే వాళ్లకి చెరుపు చేసినట్టే గదా, ఇంక ఏట్లో కూర్చోలేక రాకాసి గట్టెక్కినాడు. ఈరమ్మ నాయన తలకి నూనె పెడతా, పేలున్నాయేమో అని చూసిందంట! గుర్రప్ప కోనలోనే ఉండిపోయినాడు. కూడు తెచ్చేవాళ్లు లేరు గదా, పేలూ తనే చూడాల, సంగటీ తనే కెలకాల. అంత గంగాళం కెలికితే చెమట పట్టదా? మూడో ఏట ఆ చెమట సంగట్లో కారింది, రాకాసి తిన్నాడు, వేలు వంగింది, గుర్రప్ప ఇంటికొచ్చినాడు. ఇంక చూపించేదానికి మనిషి లేక వాడు కొండ దాటి పోయినాడు.

అప్పటి నుంచి ఏటా మన కాలవ పూడిక తీసే రోజు ఇంటికొక మనిషి తలగుడ్డ కట్టుకొని రావాల, అది కట్టుబాటు. పోయిన ఎండాకాలం ఒకింటోళ్లు మనిషిని పంపలేదు, టవలు తడిపి పంపినారు. పేరు చెప్పను, ఆ స్తంభానికి ఆనుకొని కూర్చున్నోళ్లకి తెలుసు. ఆ టవలు నేనే నాలుకకి ఆనించి చూసినా. చప్పగా ఉండాది.