గేటు ముందు ఆగిన వరద

నాలో ఒక సుగుణం ఉంది. నా పనిని నేనే పొగుడుకుంటాను, ఇంకొకరికి ఆ శ్రమ పెట్టను. వడ్రంగులు చాలామంది పని చేసి ఊరుకుంటారు, చూసినవాళ్లే పాపం వెతుక్కుని మెచ్చుకోవాలి. నా దగ్గర ఆ ఇబ్బంది లేదు.

మా ఆవిడ మోకాళ్లకి నీళ్లలో నడక మంచిదని డాక్టరు చెప్పాక ఇంటి వెనక చిన్న స్విమ్మింగ్ పూల్ పెట్టించాను. దాన్ని ఆనుకుని, వంటింటి గుమ్మం దాకా, చెక్కల డెక్ నేనే కట్టాను. డెక్‌కి అడ్డంగా కంచె, కంచెకి ఒక గేటు. ఇటు ఇల్లు, అటు నీళ్లు. సెలవుల్లో మనవరాలు మా ఇంట్లో ఉంటుందా, వియ్యపురాలి ఇంట్లో ఉంటుందా అన్నది ఆ గేటుమీదే ఆధారపడింది. పాపకి ఇంకా మూడేళ్లు నిండలేదు. వియ్యపురాలి ఇంట్లో నీళ్లంటే కుళాయిలో వచ్చేవే. కళ్లారా చూశాకే ఏ సంగతీ చెబుతానని మా అమ్మాయి ఆదివారం పాపని తీసుకుని వచ్చింది.

అమ్మాయి ఒక్కతే చూస్తే ఏం బాగుంటుంది? బావమరిదినీ, పక్కింటి టైలరు దంపతుల్నీ కూడా టీకి పిలిచాను. మా ఆవిడతో కలిసి వాళ్లంతా కంచె అవతల నీళ్లలో కాళ్లు వేలాడేసుకుని కూర్చున్నారు. అమ్మాయి మాత్రం ఇటే, వంటింటి గడపమీద, పాపతో ఉండిపోయింది. నేను లోపలికీ బయటికీ తిరిగి అందరికీ టీలు ఇచ్చి, ఇక మొదలుపెట్టాను.

"వస్తూ గేటు చూశారుగా. తెరిచి వదిలేస్తే దానంతటదే మూసుకుంటుంది, గడియ దానంతటదే పడుతుంది. గడియ బాగా పైన పెట్టాను, పిల్లలకి అందదు. తెరుచుకునేది ఇంటివైపు, కాబట్టి ఆ వైపునుంచి పిల్లలు నెట్టినకొద్దీ ఇంకా బిగుసుకుంటుంది."

ఇంతవరకూ అంతా నిజమే. అక్కడ ఆపితే నేను నేనెలా అవుతాను?

"ఆ స్ప్రింగు మామూలుది కాదు, లారీలకి వేసేది. మొదటిరోజే కరెంటు మీటరు చూసే ఆయన వచ్చి వెళ్లాడు. ఆయన వెళ్లాడు గానీ చొక్కా వెళ్లలేదు, వెనకభాగం గేటుకే ఉండిపోయింది. కావాలంటే టైలరుగారినే అడగండి, కుట్టిచ్చింది ఆయనే."

టైలరు టీ చప్పరిస్తూ, తన దగ్గరికి అలాంటి చొక్కా ఏదీ రాలేదన్నాడు.

"సిగ్గుపడి వేరే కొట్టుకి వెళ్లుంటాడు లెండి. ఆ తర్వాత ఏమైందో తెలుసా? అది మూసుకునే వేగం చూసి దోమలు ఇటు రావడం మానేశాయి. ఒక దోమ మొండికేసి వచ్చింది, మీసం పోగొట్టుకుని వెళ్లింది. దోమల్ని వదిలేయండి, మొన్నటి గాలి సగం లోపల, సగం బయట ఇరుక్కుపోయి ఈల వేస్తుంటే, జాలేసి నేనే గడియ తీసి పంపించాను. ఇక రాను రాను ఆ గేటుకి మనుషుల్ని అంచనా వేయడం కూడా వచ్చేసింది. ఈత వచ్చినవాళ్లకి తెరుచుకుంటుంది, రానివాళ్లకి తెరుచుకోదు. మా బావమరిది వస్తే మాత్రం కాస్త ఆలోచిస్తుంది."

"నాకు ఈత వచ్చు కదా బావా, ఆలోచించడం దేనికి?" అన్నాడు బావమరిది.

"వచ్చు. ఎంత వచ్చో చూసుకుంటోంది."

మా ఆవిడ నవ్వింది. ఆ నవ్వు నాకు పెట్రోలు.

"అసలు వాన సంగతి చెప్పనేలేదు కదూ? మొన్న కుండపోతగా కురిసి వీధి వీధంతా మునిగితే మా పూల్‌లో చుక్క పడలేదు. గేటు మూసి ఉంది మరి. నీళ్లు నింపడానికి నేను గొట్టం పెట్టుకోవాల్సి వచ్చింది."

"వాన పైనుంచి కదా అన్నయ్యగారూ పడేది," అంది టైలరు భార్య.

"ఇంకోళ్ల ఇంట్లో అయితే అంతేనమ్మా. మా గేటు వానకి కూడా అడిగి రావడం అలవాటు చేసింది. వానదాకా ఎందుకు, ఆ వెనకే వరద వచ్చింది. కార్లనీ బల్లల్నీ మోసుకుంటూ మలుపు తిరిగి, మా ఇంటి పక్కనుంచి వచ్చి, సరిగ్గా ఆ గేటు ముందు ఆగింది. గడియ కోసం తడుముకుంది. పైన పెట్టానని చెప్పాను కదా, అందలేదు. కాసేపు నిలబడి, ఎవరూ పలకకపోయేసరికి వచ్చిన దారినే వెళ్లిపోయింది, వెళ్తూ వెళ్తూ మా వాకిలి కూడా కడిగిపెట్టింది. అలాంటి గేటు ఉండగా చీమ కూడా..."

"నాన్నా," అంది అమ్మాయి గడపమీదనుంచి. "మరి ఆ గేటుకి నీ తువ్వాలు ఎందుకు కట్టి ఉంది?"

అందరూ వెనక్కి తిరిగారు. నేనూ తిరిగాను. గేటు బార్లా తెరుచుకుని, నా తువ్వాలుతో కంచెకి కట్టేసి ఉంది. టీ పళ్లెంతో మొదటిసారి వచ్చినప్పుడు అది వెనకనుంచి నడుముమీద ఒక్కటిచ్చింది. రెండో విడతకి నేనే కట్టేశాను, తర్వాత వరద హడావిడిలో మర్చిపోయాను.

బావమరిది నవ్వబోయి ఆగిపోయాడు. అతను చూసింది నేనూ చూశాను. పాప కళ్లు నీళ్లమీద ఉన్నాయి, ఒక కాలు అప్పుడే ముందుకు పడి ఉంది. వెనక, గౌను అంచు మా అమ్మాయి పిడికిట్లో ఉంది. నేను చెబుతున్నంతసేపూ అలాగే పట్టుకుని ఉంది కాబోలు, పక్కన పెట్టిన టీమీద మీగడ కట్టింది.

వరదని వెనక్కి పంపినవాణ్ని, పళ్లెం, నడుము అంటూ ఏదో గొణిగాను.

"గేటు బాగుంది నాన్నా," అంది తను. "దాని పని దాన్ని చేసుకోనివ్వు."

పాపని చంకనేసుకుని వచ్చి తువ్వాలు విప్పింది. గేటు మూసుకుంది, గడియ టక్కున పడింది. మళ్లీ తెరిచి వదిలింది, పడింది. కొంచెమే తెరిచి వదిలితే పడదేమో అని అదీ చూసింది, అప్పుడూ పడింది. తర్వాత కంచెకి ఆనించి ఉన్న కుర్చీని, పాప ఎక్కి దూకగలదని, దూరంగా లాగింది. నీళ్లలో తేలే బంతి పిల్లల్ని పిలుస్తుందని బావమరిదితో తీయించింది. పరీక్ష రాసి ఫలితం కోసం నిలబడ్డవాళ్లలా ఉన్నాం మేమంతా.

చివరికి, సెలవులకి పాప ఇక్కడే ఉంటుందంది. మా ఆవిడ తడి కాళ్లతోనే లోపలికి పరిగెత్తింది, పాపకి పక్క ఎక్కడ వేయాలో చూడ్డానికి. ఆ మోకాళ్లేనా అవి అనిపించింది. పాప బయట ఉన్నంతసేపూ ఎవరో ఒకరు తననే చూస్తూ ఉండాలనీ, అప్పుడు ఫోనులు, ముఖ్యంగా కథలు, ఉండకూడదనీ అమ్మాయి నాకు చెప్పింది. ఇంట్లో ఈత వచ్చినవాళ్లు ఒకరైనా ఉండాలంది. బావమరిది రోజూ మా ఇంట్లో ఉండడు కదా, అందరూ నావైపు చూశారు. పూల్ పెట్టించినవాడికి ఈత వచ్చా అని అంతవరకూ ఎవరూ అడగలేదు, నేనూ అడిగించుకోలేదు.

ఇప్పుడు రోజూ పొద్దున్నే ఈతకి వెళ్తున్నాను. నేర్పేది మా అమ్మాయికన్నా చిన్నది. తాతగారూ అని పిలుస్తుంది గానీ, తప్పు చేస్తే తాతగారని చూడదు. గోడ పట్టుకోవడం వదిలేశాను. తేలుతున్నాను, కాళ్లు ఆడించడం వచ్చింది. సెలవులు మొదలయ్యేలోగా ఈ చివరనుంచి ఆ చివరకి ఈదేస్తారని తనే అంది, ఇది నా కోత కాదు. నీళ్లలోకి దిగాక నోరు మూసుకోవడం మాత్రం ఇంకా రాలేదు.