యాభై వేల మందికి పాయసం

హలో… ఆ, నేనే, అనసూయమ్మనే! నీకే చేద్దామనుకుంటాండా ముబశ్శిరా. నంద్యాల దాకా వినపడలేదా మా సంబరం? నువ్వు చేసిచ్చిన వెబ్‌సైట్‌కు పొద్దున్నుంచి యాభై వేల మంది పాపా! మన ఆళ్లగడ్డ శిల్పాలకు! శివరాత్రికి యాగంటిలో గూడా అంతమంది ఉండరు. పాయసం చేసినా, వీధంతా చెప్పినా…

…నవ్వుతాండావేంది?

…మనుషులు కాదా? మరి దయ్యాలా?

…అన్నీ కంప్యూటర్ మిషన్లా! … ఎవరో కావాలనే తోలినారా? … వాకిట్లో గుంపుగా నిలబడి, కొనేవాళ్లను లోపలికి రానీకుండా… వాళ్ల నోట్లో మన్ను పడ!

ఓయ్, నిన్నే! పాయసం పంచొద్దు, ఆపు! … నిన్ను కాదు పాపా, మా ఆయప్పను, నా మొగుణ్ణి.

…అయ్యో, బళ్లారి గుడి ట్రస్టు వాళ్లు! మా ఆయప్ప ఆర్నెల్లు చెక్కిన నంది. ఈ మధ్యాన్నమే ఫోటోలు చూసి ఖాయం చేస్తామన్నారే! మనది తెరుచుకోకుంటే ఇంకో శిల్పి దగ్గరికి పోతారు గదా!

…కాపలా పెడితే ఆగుతారా? ఎంత? … నెలనెలానా! ఆ దుడ్లకు చిన్న గణపతి వస్తాడే!

…ఆ, ముందే చెప్పినావులే, నేనే వద్దన్నా. మొదటి పేజీలో దిష్టి బొమ్మ పెట్టించినా గదా, అదేం చేస్తాందంట? … నవ్వు, నవ్వు.

పోనీ, నందికొక్కదానికే పెట్టు కాపలా. … కుదర్దా? పండగ నెలలకు మట్టుకు?

…విగ్రహాలు లారీలో ఎట్ల పోతాయా? ఇప్పుడదేం ప్రశ్న? వరిగడ్డి చుట్టి, గోనెపట్టా కట్టి… గడ్డికి పెట్టింది దండగ అంటే ఎట్ల? దోవలో ఒక్క చెవి విరిగితే నందే పాయె—

…ఓహో.

…యాడ తిప్పి యాడికి తెచ్చినావే!

…సరే తల్లీ, చుట్టేయ్! బేగా చుట్టు! ఫోన్ పెట్టను, ఈడనే ఉంటా.

…

…అయిందా? … ఏందీ, యాభై వేలు పోయి ముగ్గురా!

…నువ్వొకదానివి. ఇదో, మా ఆయప్ప ఫోన్లో తెరిచినా, నేనొకదాన్ని. మూడోది ఎవరు? … యాడ నుంచి?

…బళ్లారా!

…నంది పేజీలోనే ఉండారా? … ఇంకా కదల్లేదా!

ఉండుండు, ఇంకో ఫోన్ వస్తాంది— వాళ్లే పాపా, వాళ్లే!

ఓయ్, నిన్నే! పాయసం పంచు! … నేను పెట్టేస్తాండా—