పున్నమీ ఆదివారమూ ఒక్కరోజొచ్చినప్పుడు

“మామ్మా, నీకు బాప్తీసం ఎక్కడిచ్చినారు? మన గుడిలోనేనా?”

మన గుడేటే! అప్పటికి మనం రంగూన్‌లోకి, ఈ తాకేటా పేటకి రానేదు కదా. నాకు గెడ్డలో ఇచ్చినారు. తన్లిన్ పట్నం అవతల, మా ఊరి గెడ్డలో. వచ్చే ఆదివారం నువ్వు దిగుతావు సూడు, పలకలు పరిసిన తొట్టి, కొళాయి నీళ్లు, అలగ కాదు. కాలెడితే బురద. కూకో ఎస్తేరూ, ఆ ఫోను కింద పెట్టు. సెప్తాను. ఇది మీ అమ్మకి కూడా సెప్పనేదు నాను.

మా ఊరంటే ఏటుంది, గట్టు మీద ముప్పై ఇళ్లు. పదిళ్లు మనోలవి, మిగతావి బర్మావోలవి. మా తాత సికాకోలు నుంచి ఓడెక్కి వరి కోతకొచ్చినాడట, కోతయ్యాక మరి ఎల్లనేదు. ఎందుకెల్లనేదో ఎవులూ అడగనేదు గావాల. వానాకాలమంతా బురదలోనే బతుకు, కాలేళ్ల సందులు ఒరిసిపోయి నెత్తురొచ్చీది. ఉబాలు, అదే వరి నాట్లు, అయిందాకా అమ్మ నడుం ఎత్తీది కాదు. ఎండాకాలం తాగడానికి నీళ్లుండవు, వాన నీళ్లు కుండల్లో దాసుకుని, అందులో పురుగులుంటే గుడ్డతో వడకట్టుకుని తాగీవోలం. పండినదాంట్లో మంచిది సర్కారోలు తీసికెల్లిపోయీవోలు, మాకు నూకలు. నూకలూ, నప్పీ అని కుళ్లబెట్టిన సేపల ముద్దా. వరి పండించీవోలు నూకలు తినడమేటో, నాకు ఇప్పటికీ తెల్దు.

ఏటి సెప్తున్నాను? ఆఁ, తూము.

గట్టుకి ఒక తూముండీది, దానికి టేకు పలక. పాటు వేళ, సముద్రం ఎనక్కి తీసినప్పుడు, పలకెత్తితే పొలంలో నీళ్లు గెడ్డలోకి దిగిపోతాయి. పోటు తిరిగే ముందు దింపీయాల. దింపకపోతే గెడ్డంతా పొలంలోకొచ్చెస్తాది. వానాకాలం గెడ్డ నీళ్లు తియ్యగానే ఉంటాయి, కాస్త వచ్చినా బాధ నేదు. వానలు ఎలిపోయాక సముద్రం నీళ్లు పైకొస్తాయి సూడు, అప్పుడు వరి సచ్చినట్టే.

ఆ పలకకి కాపలా వంతులుండీవి. మనోలు ఆదివారం పని ముట్టుకోరు కదా, పార కూడా ఎత్తరు. బర్మావోలు పున్నమికీ అమాసకీ మఠానికెల్లిపోతారు. అందుకని మా అయ్యా, ఊ చిట్ అనీ బర్మా ఆయనా కలిసి ఒక ఒప్పందం సేసుకున్నారు. ఆదివారం కాపలా ఆలది. పున్నమి, అమాస కాపలా మనది. ఎన్నేళ్లు నడిచిందో అలగ! రెండూ ఒక్కరోజు పడ్డప్పుడు తియ్యనీళ్లో, ఖాళీ పొలమో, ఎవులూ పట్టించుకోనేదు. ఊ చిట్ మా అయ్యని తెలుగులోనే “అన్నా” అని పిలిసీవోడు. తెలుగులో ఆయనకొచ్చిన మాట అదొక్కటే. మా ఇంటికొచ్చి మిరపకాయ కొరికి, కళ్లంట నీళ్లెట్టుకుని, మళ్లీ అడిగీవోడు. మంచోడే. అప్పుడు మంచోడే.

నాకు పన్నెండో పదమూడో. పాస్టరు అయ్యగారు రంగూన్ నుంచి పడవలో వచ్చీవోరు, నెలకోపాలి. గెడ్డలో పాటు వేళ నీళ్లు మోకాలు దాటవు. మనిసిని ముంచాలంటే పోటుండాల, పెద్ద పోటు పున్నమికో అమాసకో వస్తాది. ఆ ఏడు తజౌండైన్ పున్నమి, అదే కార్తీక పున్నమి, ఆదివారం పడింది. మనోలు ఎంత సంబరపడిపోనారని! దేవుడే కలిపినాడన్నారు. మా అమ్మ మూడు కోళ్లమ్మి తెల్లగుడ్డ కొన్నాది నా గౌనుకి. మూడు కోళ్లే! మరియమ్మత్త, మా అయ్య సెల్లెలు, ఆ గౌను సూసి, “ఏటే గుంటా, పెళ్లికూతురిలాగున్నావు. గెడ్డకాడికెల్లే లోపల బురదలో పడ్డావంటే నీకూ పెళ్లి నేదు, బాప్తీసమూ నేదు” అంటే అందరూ నవ్వినారు.

వరి అప్పుడు పాలు పోసుకుని గట్టిపడతంది. పొద్దున్న పాటులో పలకెత్తి నీళ్లు వదిలినారు, కోతకి నేల ఆరాలని. ఎవులెత్తినారో మరి తెల్దు. మాపు నాలుగ్గంటలకి పోటు. మనోలంతా పాటలు పాడుకుంటూ గెడ్డకాడికి. బర్మావోలంతా సాదువులకియ్యడానికి కొత్త వస్త్రాలు మోసుకుని మఠానికి. తూముకాడ మనిసి నేడు. ఆదివారం కదా, ఆలుంటారని మావోలు. పున్నమి కదా, ఈలుంటారని ఆలు.

ఆ ఏడు వానలు బేగి ఎలిపోనాయే అమ్మా. గెడ్డ ఇంకా తియ్యగానే ఉందనుకున్నారు అందరూ.

నాతోటి మరిద్దరు దిగినారు, పెద్దోలు. ఆలు నోరు బిగించుకున్నారు. నాను బెదిరిపోయి నోరు తెరిసినాను. అయ్యగారు నా తలట్టుకుని ముంచినారు, నోటినిండా నీళ్లు. ఉప్పు. కన్నీళ్లలాగ కాదు, అంతకంటే ఉప్పు. పైకి లేసినాను. గట్టు మీద అందరూ నన్నే సూస్తున్నారు, అయ్య కళ్లు తుడుసుకుంటన్నాడు. నాను ఏటనుకున్నానో తెలుసా? బాప్తీసం నీళ్లంటే ఇలాగే ఉంటాయి గావాల, దేవుడు ముట్టుకుంటే నీళ్లు ఉప్పయిపోతాయి గావాల అనుకున్నాను. ఎవులికీ సెప్పనేదు. నాకొక్కదానికే ఇచ్చిన గుట్టులాగ దాసుకున్నాను. తడిగౌనుతో, లోపల్లోపల నవ్వుకుంటూ.

తరవాత పాటలు, ప్రార్థన, తలా ఒక బెల్లం ముక్క. ఎంతసేపో.

తిరిగొస్తంటే పొలంలో సేపలు ఎగురుతున్నాయి. నానే ముందు సూసినాను. “అయ్యా, సేపలు!” అని సప్పట్లు కొట్టినాను. అయ్య పరిగెట్టినాడు. వంగి దోసిట్లో నీళ్లు తీసి నోట్లో పోసుకున్నాడు, ఉమ్మీసినాడు. ఉమ్మీసి, ఆ నీళ్లలోనే కూకుండిపోనాడు. ఎన్నులు ఇంత మేర పైకి కనిపిస్తన్నాయి, అంతే.

ఊ చిట్ మఠం నుంచి వచ్చినాడు. “ఇయ్యాల పున్నమి, వంతు నీది” అన్నాడు. “ఇయ్యాల ఆదివారం, వంతు నీది” అన్నాడు అయ్య. ఇద్దరిదీ నిజమే. అదే కదా నాకు అంతుపట్టనిది, ఇద్దరిదీ నిజమే అయినప్పుడు ఊరెందుకు ఇరిగిపోవాల? ఊ చిట్ “అన్నా” అననేదు. “కలా” అన్నాడు. మనల్ని పరాయోలని తోసీడానికి అనీ మాట. “మీ దేశం పొండి” అన్నాడు. ఆ రోజుల్లో మనోలు చానామంది ఓడలెక్కి ఎలిపోతున్నారు కూడాను, ఆ మాట అందరి నోళ్లలోనూ ఉండీది. ఆ నోట ఇనడం అదే మొదలు.

వారం తిరక్కుండా పైరు ఎండు గడ్డయిపోనాది. ఊరి పెద్ద కాయితం రాయించినాడు, తప్పు మాదని. సదివి ఇనిపించనేదు. అయ్య ఏలుముద్ర ఏసినాడు. మరుసటేడు పొలం మాకియ్యనేదు. ఆ గౌను మాత్రం అమ్మ ఇప్పీసి ఉతికి దాసింది. తాకేటా వచ్చెసినాక అయ్య సైకిలు రిక్షా లాగినాడు, లాగీ లాగీ రగతం కక్కి పోనాడు. సావబోయే ముందు కూడా, “ఆదివారమే కదే, నాను దింపకూడదు కదే” అన్నాడు నాతోటి. నాను అవునన్నాను.

ఏబయ్యేళ్లు దాటాక నాను అచ్చరాలు నేర్సుకున్నాను కదా, నీకు నవ్వులాటగా ఉండీది, నీ పలక మీదే దిద్దీదాన్ని. బైబిలు సదవడానికని అందరితో సెప్పినాను. అది కాదు. ఆ కాయితంలో ఏటి రాసుందో ఎప్పుడైనా దొరికితే సదువుకోవాలని. ఎక్కడ దొరుకుతాది, సెదలు తినేసుంటాయి. అయినా అందులో ఎలాగూ నా పేరుండదు. నానొక్క మాటంటే, “అయ్యా, ఉప్పగున్నాయి” అంటే, అయ్య ఆదివారమని సూసీవోడా? పరిగెట్టుకెల్లి పలక దింపీసీవోడు. సగం పైరైనా ఉండీది. ఊరుండీది. ఏటో... ఊ చిట్ మిరపకాయలకొచ్చీవోడు.

ఏడవకే. నీకు సెప్పాలనే సెప్పినాను.

ఆదివారం నాను ముందు వరసలోనే కూకుంటాను. దేవుడు నిన్ను సల్లగా సూడాల. కొళాయి నీళ్లే అనుకో, అయినా సరే. నోట్లోకెల్తే, ఏ రుచిగా ఉన్నాయో పైకి లేసి సెప్పీ అమ్మా. ఎవులూ అడక్కపోయినా సెప్పీ.