గుండీలు పెట్టిన కోటు

గిదేంది బిడ్డా, గీ ఎండల గంత పొడుగు కోటు ఏసుకున్నవ్? పట్నంల కొన్నవా? ఎవలో ఇడ్సింది కొన్నవా, కొత్తది కాదా? ఓహో, పాతదైతెనే ఫ్యాషనా ఇప్పుడు. నవ్వుతలేను తల్లీ, నీకు బాగనే ఒప్పింది. మీ ముత్తాత ఉంటె మురిసిపోతుండె. కూసో, గీ గాలికి కూసో. మీ ముత్తాత అంటె నాకు మామ, చంద్రమౌళి. జనగామల ఎవలనడిగినా పాతబట్టల చంద్రమౌళి అనేటోళ్లు. మనది మగ్గం నేసే ఇల్లు గద, ఆయన మగ్గం ఇడ్సిపెట్టి పాతబట్టలు పట్టుకున్నడు. టేషన్ సడక్ మీద గా సెల్‌ఫోన్ల దుకాణం లేదూ, గా జాగలనే ఉండె మన దుకాణం. గడీలల్ల దొరలు ఇడ్సిన షేర్వాణీలు, మెడ దాక గుండీలుండే కోట్లు, జరీ కండువలు తెచ్చి, చిరుగులు కుట్టి, దండెం మీద ఏసేటోడు. పెండ్లున్న గరీబోళ్లు ఏసుకపోయి, పెండ్లయినంక తెచ్చిచ్చేటోళ్లు. ఇగ ఆయన కూడ గవే ఏసేటోడు. బజారంత ధోతులు, వట్టి అంగీలు ఏసుకోని తిరుగుతుంటె, ఈయన ఎప్పటి కాలందో షేర్వాణీ ఏసుకోని అరుగు మీద కూసునేటోడు. బేరం కంటె ఆయనకు సడక్ మీద పోయే మనుషులను సూసుడే ఎక్కువ. "అగో యాకమ్మా, గా వచ్చేటాయన నెల్లికుదురు దిక్కాయన, రుమాలు సుట్టిన తీరు సూడు. గీ పిలగాడు ఏసుకున్న అంగి వాళ్ల అన్నది, భుజాలు జారుతున్నయ్ సూడు" అని. యాకమ్మంటె మా అత్త. ఆమె నాకు గియన్ని చెప్పింది, బియ్యంల రాళ్లు ఏరుకుంట, ఒక్కసారి కాదు, ఎన్నోసార్లు. "మొఖం సూడకుంట నడక సూసి మనిషిని చెప్పేటోడు కోడలా, గదే ఆయనకు ముప్పు తెచ్చింది" అనేది.

పోలీసు యాక్షన్ అయిందా, అయినంక మిలట్రీ వచ్చింది. నిన్నటి దాక నిజాం మనుషులమని షాన్‌గ షేర్వాణీలు, రూమీటోపీలు పెట్టుకోని తిరిగినోళ్లు తెల్లారేసరికి అన్నీ పెట్టెలల్ల దాసిండ్రు. కొందరైతె దుకాణంకు తెచ్చి, "చంద్రమౌళీ, నువ్వేమన్న చేసుకో, నా ఇంట్ల మాత్రం ఉండొద్దు" అని పడేసి పోయిండ్రట. ఇల్లంత నిండింది. మా అత్త ఒకటే లొల్లి. "సచ్చినోళ్లయో బతికినోళ్లయో, గీ ఖాళీ చేతులన్ని నా నెత్తిమీద యాలాడుతున్నయ్, అన్నం ఎట్ల తినాలె" అని. మా మామ నవ్వేటోడు. "బట్టకు మనిషి యాదికుంటడే పిచ్చిదానా. మోచెయ్యి కాడ మడత సూడు, ఎంత ఉతికినా పోతదా?" అనేటోడు.

ఏం చెప్పుతున్న నేను? ఆఁ, తావుర్యా. అంతకు ముందు సంగతి గది, ఇంక నిజాం ఉన్నప్పటిది. నర్మెట్ట అవతల లంబాడ తండ నుంచి దస్రు అని ఒక ముసలాయన కొడుకును తోలుకోని వచ్చిండు. కొడుకు పేరే తావుర్యా. పెండ్లి కుదిరింది, కోటు కావాలె అన్నడు. గప్పుడు తండోళ్లు దొర గడి ముందటికెళ్లి పోతె చెప్పులు చేత పట్టుకోవాలె, రుమాలు తీసి చంకల పెట్టుకోవాలె. ఇగ కోటంటె మాటలా? దస్రు చేతులు జోడిచ్చిండట. "సేటూ, వద్దని చెప్పు వీనికి, దొర తోలు దీస్తడు." గా పిలగాడు మాత్రం దండెం మీద ఒక్కటే కోటు సూసుకుంట నిలవడ్డడట. నల్లది, మెడ దాక గుండీలు, ఏ దొర తాతదో. ఏసి సూస్తె కొలత పెట్టి కుట్టినట్టు కూసున్నది. "దీన్ని ఏసుకోని గడి ముందటికెళ్లి నడుస్త సేటూ, చెప్పులు తొడుక్కోనే నడుస్త" అన్నడట. మా మామ ఇచ్చి పంపిండు. నడిచిండు బిడ్డా! పెండ్లాం మంగ్లీని పక్కన పెట్టుకోని, కుడికాలు జర బయిటికి ఇసిరేసే వాని తీరుగనే నడిచిండు. దొర మనుషులు ఉరికొచ్చి కొడితె మోచెయ్యి కాడ కోటు చిరిగింది. మంగ్లీ ఎర్ర దారంతోని కుట్టింది, తండోళ్ల కుట్టు, దగ్గర దగ్గర. ఆ ఏడే తావుర్యా దొరల మీద కొట్లాడే సంగంల కలిసి, దళంల పోయిండు. కోటు మల్ల రాలేదు. "పోనీ, గా కోటుకు సరైన మనిషి దొరికిండు" అన్నడట మా మామ.

ఇగ మిలట్రీ వచ్చినంక ఊరవతల క్యాంపు పడ్డది. అడవిల తిరిగే దళపోళ్లను పట్టుకచ్చుడు, కొట్టుడు, ఎవలేమైండ్రో ఎవలికి ఎరికలేదు. అడిగితె పారిపోయిండు అనుడు. తావుర్యా కోసం తండ మీద పడ్డరు. "దాసి పెట్టిండ్రు, తెచ్చి అప్పజెప్పుండ్రి, లేకుంటె తండ కాలబెడ్తం" అని దస్రును కొట్టి కొట్టి నడుం ఇరగ్గొట్టిండ్రు. గా మంగ్లీ కడుపుతోనున్న పిల్ల. ప్రతి అంగడినాడు జనగామ వచ్చి క్యాంపు గేటు కాడ కూసునేది. "నా మొగడు మీతాన్నే ఉన్నడు, ఒక్కసారి సూపియ్యిండ్రి" అని. "లేడు, అడవిల మజా చేస్తుండు పో" అనేటోళ్లు. పోయేటప్పుడు మన అరుగు మీద కూసోని నీళ్లు తాగేది. మా అత్త జొన్న గట్క పెడితె తినేది, లేకుంటె లేదు.

గట్లుండంగ ఎండకాలం వచ్చింది. క్యాంపుల వంట చేసేటాయన ఒకడు, పరదేశపోడు, మూట పట్టుకోని దుకాణంకు వచ్చిండు. "లేలో సేట్, సబ్ ధోయా హువా హై" అని, అన్ని ఉతికినయే తీసుకో అని పడేసి పోయిండు. మా మామ మూట ఇప్పిండు. ధోతులు, అంగీలు, ఒక గొంగడి. అడుగున నల్ల కోటు. మోచెయ్యి కాడ ఎర్రదారం. మా అత్త అక్కడనే ఉన్నది. ఆమె ఏమన్నదో ఎరికేనా, "ఎర్రదారం కంటె నాకు గుండీలు సూస్తె భయమైంది కోడలా" అన్నది. గుండీలన్ని పెట్టున్నయ్. మెడ కాడికెళ్లి కింది దాక, ఒక్కటి ఇడువకుంట. మనిషి కోటు ఇడిస్తె గుండీలు ఇప్పే గద ఇడుస్తడు? ఉతికినోడు అన్నన్ని గుండీలు మల్ల ఎందుకు పెడ్తడు? మా మామ ఇప్పబోయి చెయ్యి ఎన్కకు తీసుకున్నడు. అట్లనే లోపటి కొక్కేనికి తగిలిచ్చిండు. కింది అంచు తడిగ ఉండె. రోహిణి ఎండలు, బండలు పగులుతున్నయ్, మొత్తం మూట పెళపెళలాడుతున్నది. గా కోటు అంచు మాత్రం తడి. ఎండకేసినా తడే, తెల్లారి సూసినా తడే. కింద నేల మీద మరక పడ్డది.

ఆ మరునాడు పట్టపగలు, రైలుబండి వచ్చే యాళ్లకు సడక్ నిండ జనం. మా మామ ఎప్పటి తీరుగనే అరుగు మీద కూసోని సూస్తుండు. ఒక్కసారి దిగ్గున లేసిండట. జనంల ఒక నల్ల కోటు పోతున్నది. ఎన్క నుంచి కనపడుతున్నది, మొఖం లేదు. కుడికాలు జర బయిటికి ఇసిరేసి, ధీమాగ, తొందర లేకుంట. మోచెయ్యి కాడ ఎర్రగ మెరిసింది. మా మామ లోపటికి ఉరికిండు. కోటు కొక్కేనికే ఉన్నది, గుండీలు పెట్టుకోని. బయిటికొచ్చి సూస్తె సడక్ మీద దుమ్ముల తడి గీత. బండి కింద కందెన కారినట్టు... కాదు కాదు, కుండ చిల్లువడి నీళ్లు కారినట్టు, గట్ల సన్నగ, రైలు గేటు దిక్కు పోయింది. "ఏమైందయ్యా" అంటె, "గా పోయేటోడు ఎవలో నేను చెప్పలేను యాకమ్మా, నాకు ఎరికే, గని చెప్పలేను" అన్నడట. తెల్లారి మల్ల గదే యాళ్లకు. ఆ తెల్లారి మల్ల. మా అత్తకు మనిషి కనపడకపోయేది, తడి గీత మాత్రం కనపడేది. ఆమె అబద్ధం చెప్పే మనిషి కాదు బిడ్డా, నీకు ఎరిక లేదు ఆమె.

ఒకనాడు ఇగ ఉండలేక ఎనుకబడి పోయిండు. వట్టి తెల్ల అంగి మీద పోయిండు. రైలు గేటు దాటినంక పాడువడ్డ మోటబాయి ఉండె, గిప్పుడు పూడిపిండ్రు, గక్కడ ఇండ్లు లేసినయ్. గీత గా బాయి కాడ ఆగింది. మనిషి లేడు. ఒంగి సూసిండు. పచ్చటి నీళ్లు, ఆకులు. ఆకుల నడుమ ఈయన నీడ కనపడ్డది. నీడ మొఖం ఈయనదే. ఒంటి మీద మాత్రం నల్ల కోటు, మెడ దాక గుండీలు. ఈయన ఎన్కకు జరిగిండు. నీడ జరగలేదట.

ఇంటికొచ్చి జరంల పడ్డడు. అంగడినాడు మంగ్లీ వచ్చింది. మొఖమంత వాసున్నది. "మా ముసలి మామను మల్ల కొట్టిండ్రు సేటూ, ఈసారి లేస్తడో లేవడో. తావుర్యా దొరికిన దాక ఇడువరట" అన్నది. మా అత్త మా మామ దిక్కు సూసింది. బాయి సంగతి చెప్తె క్యాంపోళ్లు ఈయనను బతకనిస్తరా? చెప్పకుంటె తండ మిగులుతదా? మా మామ జరంలనే లేసిండు. లోపటికి పోయిండు. కొక్కెం మీది కోటు తీసి గుండీలు ఒక్కొక్కటి ఇప్పి, ఏసుకోని, మల్ల ఒక్కొక్కటి పెట్టుకున్నడు. మా అత్త కాళ్లు పట్టుకున్నది. "వద్దయ్యా, గది ఏసుకోకు, నీ దండం పెడ్త." గప్పుడు అన్నడట, "ఇన్నొద్దులు నేను అందర్ని సూసుకుంట కూసున్న యాకమ్మా. ఇయ్యాల నన్ను అందరు సూడాలె" అని. అరుగు దిగిండు. మంగ్లీ ఎర్రదారం సూసింది. ఒర్రలేదు బిడ్డా, గుండెలు బాదుకోలేదు. నెత్తిమీది కొంగు మొఖం మీదికి గుంజుకోని ఆయన ఎన్క నడిచింది, గంతే.

అంగడి అంగడంత ఆగిపోయింది. గా కోటును ఎరుగనోడు ఎవడు? గడి ముందటికెళ్లి పోయిన కోటు, అందరు కథగ చెప్పుకున్న కోటు. కూరగాయలోళ్లు, బండ్లోళ్లు, టేషన్ల మూటలు మోసేటోళ్లు, అందరు ఎన్కవడ్డరు. కోటు అంచులకెళ్లి నీళ్లు కారుతున్నయట, అందరు సూసిండ్రట. క్యాంపోళ్లు తుపాకులు పట్టుకోని వచ్చిండ్రు గని, గంత జనం మీద ఏం చేస్తరు? బాయి కాడ మా మామ నిలవడి చెయ్యి సూపిచ్చిండు. మోకులేసి దిగిండ్రు. తావుర్యా ఒక్కడే కాదు, ఇంక కొందరున్నరు. చేతికున్న ఎండి కడియం సూసి దస్రు కొడుకును గుర్తువట్టిండు, మంచం మీద మోసుకొచ్చిండ్రు ముసలాయనను. "వాళ్లే దుంకి సచ్చిండ్రు" అన్నరు క్యాంపోళ్లు. అన్నా గని, తావుర్యాను తెమ్మని తండ మీదికి మల్ల పోలేదు. తండ మిగిలింది.

మా మామను మాత్రం పట్టుకపోయిండ్రు. ఊరోళ్లు క్యాంపు గేటు ముందట కూసుంటె, కొన్నొద్దులకు ఇడ్సిపెట్టిండ్రు. కోటు గుంజుకోని కాలబెట్టిండ్రట. మా అత్త వంటింట్ల ఉన్నది. వాకిట్ల అడుగుల చప్పుడు ఇనపడ్డది. "ఎవలో పరాయోడు వచ్చిండనుకున్న కోడలా. కుడికాలు బయిటికి ఇసిరేసి నడుస్తున్న చప్పుడు. బయిటికొచ్చి సూస్తె నా మొగడు" అనేది. కాలికి దెబ్బ తాకిందేమో అని నేనన్న ఒకసారి. దెబ్బ లేదు, గాయం లేదు. దవాఖానల కూడ సూపిచ్చిండ్రు. నడక మారింది, గంతే. నేను కోడలుగ వచ్చినంక సూసిన కదా, కూసుంటె మా మామ, లేసి నడిస్తె ఇంకెవలో. అరుగు మీద కూసునుడు బంద్ పెట్టిండు. సడక్ దిక్కు వీపు పెట్టి కూసోని బట్టలు కుట్టేటోడు. మంగ్లీ కొడుకును ఎత్తుకోని, తర్వాత నడిపిచ్చుకోని, అంగడికొచ్చినప్పుడల్ల మన ఇంటికొచ్చేది. సేటు అనుడు పోయి బాపూ అనేది. ఆమె వస్తె మా మామ కూసున్న కాడికెళ్లి కదలకపోయేటోడు. నీళ్లు కావాలన్నా నన్నే పిలిచేటోడు. ఆమె చెవుల గా చప్పుడు పడొద్దని.

గని ఎంతకాలం దాస్తడు? ఇగ గిది నేను నా రెండు కండ్లతోని సూసిన. మీ నాయిన కడుపుల ఉన్నడు గప్పుడు. కొడుకుకు ఎక్కడనో పని దొరికిందని, వానితోని ఊరిడ్సి పోతున్నది మంగ్లీ, చెప్పి పోదామని వచ్చింది. శానసేపు కూసున్నది. మా మామ కూసున్నడు. లేసింది, మల్ల కూసున్నది. "బాపూ, ఒక్కటి అడుగుత" అన్నది. అడుగు బిడ్డా అన్నడు. "నాకు ఎప్పుడో ఎరుక. నువ్వు దొడ్డికి పోయేటప్పుడు నీ అడుగుల చప్పుడు ఒకసారి ఇన్న. జర గీ అరుగు కాడికెళ్లి గా చింతచెట్టు దాక నడువు. నేను గిటు తిరిగి కూసుంట." అని, గోడ దిక్కు మొఖం పెట్టి, కొంగు కండ్ల మీదికి గుంజుకోని కూసున్నది. మా మామ నా దిక్కు సూసిండు. లేసిండు. నడిచిండు. చింతచెట్టు దాక పోయిండు, మల్ల వచ్చిండు. ఆమె మెల్లగ ఏదో అంటున్నది, వాళ్ల భాషల, నాకు సమజ్ కాలేదు. మధ్య మధ్యల ఆగుతున్నది, అవతల నుంచి ఎవలో జవాబు చెప్తె ఇంటున్నట్టు. మా మామ నడుస్తనే ఉన్నడు.

ఆ...

పొయ్యి మీద పాలు పెట్టినవా బిడ్డా? పో, జర సూసి రా.